స్కానింగు బొమ్మ: దాచుకునే తీరు



పిల్లల మొదటి ఫోటో అంటే ఒకప్పుడు మన ఇళ్ళలో బారసాల నాటిదో, అన్నప్రాశన నాటిదో. స్టూడియోకు ఎత్తుకువెళ్ళి, బల్ల మీద బోర్లా పడుకోబెట్టి తీయించిన ఫోటో మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది. ఇప్పుడు మొదటి బొమ్మ అంతకంటే ముందే ఇంటికి వస్తోంది. మూడో నెలలో స్కానింగుకు వెళ్ళిన అమ్మాయి ఫైలులో ఓ చిన్న నల్లటి కాగితం పెట్టుకుని వస్తుంది. ఇంటిల్లిపాదీ దాన్ని చేతులు మార్చుకుంటూ చూస్తారు. "తల ఎటువైపే?" అని అమ్మమ్మ అడుగుతుంది. అమ్మాయి చూపిస్తుంది. అమ్మమ్మకు కనిపించదు, కానీ కనిపించిందనే అంటుంది.

ఆ కాగితాన్ని ఎలా దాచుకోవాలన్నదే ఈ రోజు మన ముచ్చట. ఇంత చిన్న విషయానికి ఒక ప్రసంగమా అనుకోకండి.

మా బంధువులలో ఒక అమ్మాయి ఉంది. అత్తవారిది హోసూరు దగ్గర, పుట్టిల్లు కుప్పం వైపు. తొలిచూలు. ఐదో నెలలో తీసిన స్కానింగు బొమ్మ అందరికీ ఎంతో నచ్చింది. పక్కనుంచి చూసిన ముఖం, ముక్కు, పెదవులు తేటగా వచ్చాయి. అది నలిగిపోకూడదని మరిది దాన్ని లామినేషన్ చేయించడానికి బజారుకు తీసుకువెళ్ళాడు. యంత్రంలోకి వెళ్ళిన కాగితం బయటికి వచ్చేసరికి బొగ్గులా నల్లగా ఉంది. పోనీలే, ఇంకో నాలుగు నెలల్లో బిడ్డనే చూస్తాం కదా అని ఇంట్లో నవ్వుకున్నారు. ఏడో నెలలో ఆ బిడ్డ దక్కలేదు. ఆ తరువాత ఆ అమ్మాయి అడిగిందల్లా ఆ బొమ్మ ఒక్కటే.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ కాగితం సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే.

స్కానింగు గదిలో యంత్రం పక్కన ఉండే చిన్న ప్రింటరులో చాలాచోట్ల సిరా ఉండదు. కాగితం మీదే వేడికి నల్లబడే పూత ఉంటుంది. ప్రింటరు ఎక్కడ వేడి తగిలిస్తే అక్కడ నలుపు వస్తుంది. బస్సులో కండక్టరు చిన్న యంత్రం నొక్కి చింపి ఇచ్చే టికెట్టు ఉంది చూశారూ, అదీ ఈ జాతిదే. ఆ టికెట్టును ఎండలో వదిలేస్తే అక్షరాలు వెలిసిపోతాయి, వేడి వస్తువు తగిలితే నల్లబడుతుంది. స్కానింగు కాగితం అంతకంటే మేలురకమే గాని స్వభావం అదే. లామినేషన్ యంత్రం ప్లాస్టిక్కును కరిగించి అంటిస్తుంది. ఆ వేడికి ఇక కాగితమంతా నల్లబడక ఏం చేస్తుంది?

అన్నిచోట్లా ఈ కాగితమే ఇస్తారని కాదు. కొందరు పెద్ద కాగితం మీద నాలుగైదు బొమ్మలు మామూలు ప్రింటరుతో తీసి ఇస్తారు. కొందరు ఎక్స్‌రే లాంటి ఫిల్ము ఇస్తారు. మీ దగ్గర ఉన్నది ఏదో తెలియకపోతే, బొమ్మ లేని ఓ మూల గోటితో చురుగ్గా గీయండి. నల్లటి గీత పడిందంటే అది వేడి కాగితం. గీత పడకపోయినా అనుమానంగానే చూడండి, లామినేషన్ మాత్రం వద్దు.

వేడి ఒక్కటే కాదు, దీనికి శత్రువులు ఇంకా ఉన్నారు. ఎండ, నూనె చెయ్యి, చేతులకు రాసుకునే శానిటైజరు, జిగురు, స్కెచ్ పెన్ను ఇవన్నీ దాన్ని పాడుచేసేవే. మెత్తగా, వాసన కొడుతూ ఉండే చవక ప్లాస్టిక్ కవర్లు కూడా మంచివి కావు. ఆ ప్లాస్టిక్కును మెత్తబరచడానికి కలిపే పదార్థాలు మెల్లగా పూతలోకి దిగి బొమ్మను తినేస్తాయి. జిగురు పేజీల పాత ఆల్బములూ అంతే. శుభ్రమైన తెల్లకాగితంతో చేసిన కవరు వీటన్నిటికన్నా నయం. దాన్ని బీరువాలో బట్టల మధ్య, చీకటిగా, చల్లగా ఉండే చోట పెట్టండి. వంటగది అటక మీద వద్దు. దేవుడి గూట్లో పెట్టుకోవాలని కొందరికి ఉంటుంది. భావం మంచిదే గాని, అక్కడ దీపం వేడి, నూనె, కుంకుమ అన్నీ ఉంటాయి.

ఎంత జాగ్రత్త చేసినా ఆ కాగితం ఏళ్ళ తరబడి అలాగే ఉంటుందన్న భరోసా లేదు. అందుకని ఇంటికి వచ్చిన రోజే నకలు తీయండి. సెల్‌ఫోను చాలు. కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని చోట కాగితాన్ని బల్ల మీద పరచండి. ఫ్లాష్ వేయకండి, మెరుపు కొట్టి బొమ్మ కనిపించదు. ఫోనును కాగితానికి సమాంతరంగా, సరిగ్గా పైన పట్టుకోండి. ఊళ్ళో స్కానరు ఉన్న దుకాణం ఉంటే ఇంకా మంచిది. అంగుళానికి 600 చుక్కలు చొప్పున, రంగుల పద్ధతిలో తీయమనండి. బొమ్మ నలుపు తెలుపే కదా, రంగులెందుకు అని దుకాణాదారు అడగవచ్చు. మామూలు నలుపు జెరాక్సులో ఆ బూడిదరంగు ఛాయలు పోతాయి, ఉన్నవి నలుపూ తెలుపూ మచ్చలే మిగులుతాయి. అసలు కాగితాన్ని మాత్రం గాజు మీద పరిచి తీయాలి, యంత్రంలోకి దూర్చకూడదు.

తీసిన నకలును ఒక్క ఫోనులోనే ఉంచకండి. ఫోను నీళ్ళలో పడుతుంది, పోతుంది. పుట్టింటివారి దగ్గర ఒకటి, అత్తవారి దగ్గర ఒకటి ఉండనివ్వండి. ఫోటో స్టూడియోలో ఇచ్చి ఫోటో కాగితం మీద కడిగించుకుంటే గోడకు పెట్టుకోవడానికి పనికివస్తుంది.

ఇక గోడ సంగతి. ఫ్రేము కట్టించేది ఎప్పుడూ నకలునే. అద్దం బొమ్మకు అంటుకోకుండా మధ్యలో అట్ట అంచు వేయించండి. ఎండ కొట్టే గోడ వద్దు. ఇంకొక మాట, ఆ కాగితం పై అంచున తల్లి పేరు, వయసు, ఆసుపత్రి నంబరు, తేదీ అచ్చయి ఉంటాయి. గోడకు పెట్టే నకలులో, వాట్సాప్‌లో పంపే దానిలో ఆ అంచు కత్తిరించండి. దాచుకునే నకలులో మాత్రం ఉంచండి.

పుట్టకముందే బిడ్డ బొమ్మ గోడకు పెట్టడమేమిటి, దిష్టి కదా అని పెద్దవాళ్ళు అంటే వాదించకండి. పురుడు వచ్చేదాకా కవరులో ఉంచి, తొట్టెలో వేసే రోజున మొదటి ఫోటో పక్కన పెట్టుకోండి. రెండూ పక్కపక్కన ఉంటేనే చూడముచ్చటగా ఉంటుంది కూడా.

అమ్మమ్మకు తల కనిపించలేదన్నాను. నిజానికి అది ఫోటో కాదు కాబట్టే కనిపించదు. అది ధ్వనితో గీసిన బొమ్మ. మన చెవి సెకనుకు 20 వేల కంపనాల వరకు వినగలదు. కడుపు మీద ఆనించే పరికరం పంపే ధ్వని 20 లక్షల నుంచి 50 లక్షల కంపనాలది. అది లోపల తగిలి తిరిగి వస్తుంది. ఎముక తగిలిన చోట తెల్లగా, ఉమ్మనీరు ఉన్న చోట నల్లగా వస్తుంది. దోసకాయను కోస్తే లోపలి ముఖం కనిపించినట్టు, ఇది ఒక కోత మాత్రమే. గ్లాస్గో నగరంలో ఇయాన్ డొనాల్డ్ అనే ప్రసూతి వైద్యుడు, ఆయన సహచరులు ఈ పద్ధతి గురించి 1958లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. అమ్మమ్మకు చూపేటప్పుడు ముందు నల్లటి నీటిని చూపించి, తరువాత అందులోని తెల్లటి తలను చూపించండి. పన్నెండో వారంలో తల నుంచి పిరుదుల దాకా బిడ్డ పొడవు ఐదారు సెంటీమీటర్లే.

బొమ్మ మీద ముచ్చటతో రిపోర్టును మరిచిపోకండి. మన సరిహద్దు ఊళ్ళలో ఇది మరీ ముఖ్యం. అత్తవారిల్లు పర్లాకిమిడి అయితే పుట్టిల్లు పాతపట్నం, ఇక్కడ బళ్ళారి అయితే అక్కడ గుంతకల్లు. స్కానింగు ఒక రాష్ట్రంలో, పురుడు ఇంకో రాష్ట్రంలో. నెలలు లెక్క తెలియడానికి మొదటి స్కానింగులోని కొలతే డాక్టరుకు గట్టి ఆధారం. కాబట్టి ఆల్బములోకి నకలు వెళ్ళాలి, ఫైలు మొత్తంగా తల్లితో వెళ్ళాలి.

ముచ్చట కోసమే ఇంకో స్కానింగు చేయించుకుందామని మాత్రం అనుకోవద్దు. డాక్టరు అవసరమన్నప్పుడే చేయించాలి. ఇక ఆడా మగా అని అడగడం, చెప్పడం రెండూ నేరమే. 1994 నాటి చట్టం 1996 నుంచి అమలులో ఉంది, 2003లో దాన్ని ఇంకా గట్టిచేశారు. ఈ సంగతి బోర్డు మీద రాసి ఉంటుంది, కాని హోసూరులో అరవంలో, బళ్ళారిలో కన్నడంలో ఉంటుంది గనుక ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. పక్క రాష్ట్రంలో అయితే చెబుతారని ఎవరైనా ఆశపెడితే నమ్మకండి. చట్టం అటూ ఇటూ ఒకటే.

ఆ చట్టం వల్లనే ఇంకొక మేలు ఉంది. స్కానింగు కేంద్రాలు తమ రికార్డులను రెండేళ్ళు భద్రపరచాలి. యంత్రంలో బొమ్మ కూడా కొంతకాలం మిగిలి ఉండవచ్చు. బొమ్మ పాడైనవారు తేదీ, రిపోర్టు తీసుకుని వెళ్ళి త్వరగా అడిగి చూడండి. నేను చెప్పిన అమ్మాయి తరఫున మరిదే వెళ్ళి అడిగాడు. రెండు రోజులు తిరిగాక బొమ్మ దొరికింది. ఈసారి ఫోనులోకి తీసుకుని, ఆ తరువాతే ఇంటికి తెచ్చాడు.

ఆ కవరు ఇప్పుడు వాళ్ళ బీరువాలో ఉంది. పైన పెన్సిలుతో తేదీ, ఎన్నో వారమో రాసి ఉన్నాయి. తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి. తరువాత పుట్టిన పాప తమిళ బడిలో చదువుతోంది. అక్కో అన్నో తెలియని ఆ తొలి బిడ్డ సంగతి ఆమె అడిగే రోజు వస్తుందని తల్లి రెండు లిపుల్లోనూ రాసింది. మీరూ కాగితం మీద కాకుండా కవరు మీద రాయండి, బొమ్మను లోపల పెట్టకముందే రాయండి. పెన్ను ఒత్తిడి కూడా ఆ పూతకు పడదు.