ఒరగల్లు మీది గీతలు
(ప్రొద్దుటూరులో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతున్నదో వారి పేరు అచ్చులో వేయవద్దని కుటుంబసభ్యులు కోరారు. ఊళ్లో అందరం ఆయన్ను అయ్యవారు అనే పిలిచేవాళ్లం. ఈ పూటా అలాగే పిలుస్తాను. ఆయన బడిపంతులు. ఇంటి ఖర్చులు పోగా మిగిలిన నాలుగు రూపాయలతో పత్రికలు తెప్పించుకునేవారు. చదివినవాటిని ట్రంకు పెట్టెలో పేర్చి, మధ్యమధ్య ఎండు వేపాకు వేసేవారు. ఆ పెట్టె తెరిస్తే వచ్చే వాసన నాకింకా గుర్తుంది.

ఆయన సమీక్షల పేజీ ముందు చదివేవారు. కథలు తర్వాత. ఎందుకని అడిగితే, "కొనలేని పుస్తకాన్ని గురించి తెలుసుకోవడానికి నాకున్న దారి ఇదొక్కటే నాయనా" అన్నారు. నేనప్పుడు చిన్నవాణ్ణి, ఆ మాట తలకెక్కలేదు. ఇవాళ నా ఉపన్యాసమంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

నాకొక కోరిక ఉంది. విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి (రారా) గారి సమీక్షలన్నిటినీ ఏర్చి కూర్చి ఒక మంచి ప్రతిగా చూడాలని. కుట్టు బైండింగు, గుడ్డ అట్ట, పసుపెక్కని కాగితం, ఒక్కొక్క ప్రతికీ నంబరు. దాచుకోవాలనిపించే పుస్తకం. అట్లాంటి పుస్తకం ఎందుకు కావాలో, ఎట్లా ఉండాలో మీతో చెప్పుకోవాలని వచ్చాను.

పైడిపాలెం పేరు చెబితే ఈ కాలం పిల్లలకు జలాశయం గుర్తొస్తుంది. పులివెందుల తాలూకా, సింహాద్రిపురం దగ్గరి ఆ ఊళ్లోనే 1922లో రారా పుట్టారు. గిండీలో మొదలుపెట్టిన ఇంజనీరింగు చదువు జాతీయోద్యమపు రోజుల్లో మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత ఆయన జీవితమంతా పత్రికలతోనే గడిచింది. విశాలాంధ్రలో పనిచేశారు. కడప నుంచి 'సవ్యసాచి' నడిపారు. 1968లో 'సంవేదన' త్రైమాసికం మొదలుపెట్టారు. కొంతకాలం మాస్కోలో అనువాదకుడుగా ఉన్నారు. అక్కడి అనుభవం 'అనువాద సమస్యలు' పుస్తకమైంది. దానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆయన పోయిందీ ఆ ఏడే. పక్క ఊరు అంకాళమ్మగూడూరు నుంచి వచ్చినవారు గజ్జెల మల్లారెడ్డి. ఒకే మండలం నేలలో ఇంత పదునైన కలాలు రెండు పుట్టడం నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

ఆ నేలకు ఇవతల, ఈ పెన్న ఒడ్డున, వేరే సంప్రదాయం ఉండేది. దుర్భాక రాజశేఖర శతావధాని గారు 1888లో జమ్మలమడుగులో పుట్టారు. ప్రొద్దుటూరులో గడియారం వేంకట శేషశాస్త్రి గారితో కలిసి జంటగా అవధానాలు చేశారు. ఒకరు 'రాణాప్రతాపసింహ చరిత్ర' రాస్తే, మరొకరు 'శివభారతం' రాశారు. 'శివతాండవం' రాసిన పుట్టపర్తి నారాయణాచార్యుల వారూ ఈ వీధుల్లో నడిచినవారే. ఈ ఊళ్లో పద్యానికి సభ ఉండేది, చప్పట్లుండేవి, శాలువా ఉండేది. సమీక్షకు అవేవీ లేవు. రాసినవాడికి ఒక శత్రువును సంపాదించిపెట్టడం తప్ప అది చేసిందేమీ కనిపించదు. పత్రిక పాతబడితే అదీ పొట్లాల కొట్టుకు పోతుంది.

ప్రొద్దుటూరు వాళ్లకు బంగారం సంగతి నేను చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు మా అమ్మ వెంట ఒక అంగడికి వెళ్లాను. పెద్దాయన గాజును నల్లటి ఒరగల్లు మీద ఒక్కసారి గీశాడు. సన్నటి పసుపు గీత పడింది. దాని పక్కనే ఎంత మేలిమిదో తెలిసిన బంగారంతో ఇంకో గీత గీసి, రెండింటి మీదా ద్రావకం చుక్క వేసి, కళ్లు చిట్లించి చూశాడు. మా అమ్మకు నచ్చని మాటే చెప్పాడు. ఆయన మీద ఆమెకు కోపం రాలేదు. అన్నిటికన్నా నా మనసులో నిలిచింది ఆ తర్వాత చేసిన పని. మైనం ముద్దను రాయి మీద అద్ది గీతలను తీసేశాడు. మైనంలో అంటుకున్న రవ్వంత బంగారం కూడా పోనివ్వరట. ఏడాదికొకసారి ఆ మైనాన్ని కరిగిస్తే బంగారం కంటికి కనిపించేంత వస్తుందట.

సమీక్షలను ఏర్చి పుస్తకం చెయ్యడమంటే నాకు ఆ మైనం ముద్దే గుర్తొస్తుంది.

రారా చేతిలోని ఒరగల్లు ఎంత గట్టిదో తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. గురజాడ మీద కె.వి. రమణారెడ్డి గారు 'మహోదయం' రాశారు. అది గొప్ప శ్రమతో వచ్చిన పుస్తకం, దాన్ని అభిమానించేవారు ఇప్పటికీ ఉన్నారు. రాసినవారు వామపక్షీయులు. రారా మార్క్సిస్టు. మనవాడు గదా అని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. తీవ్రంగానే విమర్శించారు. దిగంబర కవులనూ అట్లాగే నిలదీశారు. నేను ఆయన తీర్పులన్నిటితో ఏకీభవిస్తానని చెప్పడం లేదు. దిగంబర కవుల విషయంలో ఆయన వారి కవిత్వంలోని కోపం వెనకాల ఉన్న బాధను తక్కువగా చూశారనే నా నమ్మకం. అయినా ఆ వ్యాసాలు చదివినప్పుడల్లా నా అభిప్రాయానికి నేను కారణాలు వెతుక్కోవలసి వస్తుంది. ఆయన వాక్యం వాక్యం పట్టుకుని, ఈ మాటకు అర్థమేమిటి, ఈ ముగింపుకు ఆధారమేమిటి అని అడుగుతారు. అట్లా అడిగించుకున్న పాఠకుడు మళ్లీ పాత పద్ధతిలో చదవలేడు.

ఇక్కడ కొంచెం దూరం వెళ్లి వస్తాను. ఇంగ్లండులో అలిస్టర్ క్రౌలీ అని ఒకాయన ఉండేవాడు. 1875లో పుట్టి 1947లో పోయాడు. మంత్రతంత్రాలు, గుప్తవిద్యలు ఆయన లోకం. 1898లో వేసిన తన మొదటి పద్య పుస్తకం నుంచే ప్రతులు ఇన్నే అని లెక్క పెట్టి అచ్చువేయించేవాడు. ఆ మొదటిది 100 ప్రతులే. 1909 నుంచి 1913 దాకా 'ది ఈక్వినాక్స్' అనే పత్రిక నడిపాడు. పగలూ రాత్రీ సమానంగా ఉండే ఆ రెండు విషువత్తుల్లో ఏడాదికి రెండుసార్లు వచ్చేది. మొత్తం పది సంచికలు. సాధనలూ కర్మకాండలూ నిండిన ఆ లావు సంచికల్లో పుస్తక సమీక్షలూ ఉండేవి. ఆయన విద్య మీద నాకు నమ్మకం లేదు. రారా బతికుంటే ఆ పేరు విని ముఖం చిట్లించేవారేమో. నేను చెప్పదలచింది మరొకటి. ఆయన్ను గురువుగా కొలిచేవాళ్లు, ఆయన పుస్తకాలు పోగుచేసేవాళ్లు ఆయన రాసిన చిన్న చీటీని కూడా పోనివ్వరు. ఏ సంచికలో వచ్చింది, ఏ మారుపేరుతో రాశాడు, ఏ కాగితం మీద అచ్చయింది, ఎన్ని ప్రతులు అని తరచితరచి రాసిపెట్టుకుంటారు. భక్తితో దాచుకునేవాళ్లకు ఉన్న ఆ శ్రద్ధ, బుద్ధితో దాచుకోవలసిన మనకు లేకపోయింది. నాకు బాధ అక్కడే.

మన పుస్తకాల రెండో పేజీ తెరిచి చూడండి. ప్రథమ ముద్రణ, ప్రతులు 1000 అని ఉంటుంది. ఒక్కోసారి 500. పేరుకు అవి పరిమిత ప్రతులు కావు, మళ్లీ వేసే దిక్కు లేక పరిమితమైనవి. 1976లో వచ్చిన రారా 'సారస్వత వివేచన' మొదటి ముద్రణ ఎవరింట్లోనైనా ఉంటే అది ఇప్పటికే అపురూపమైన వస్తువు. కొన్నవాడికే ఆ సంగతి తెలియదు. ఇల్లు మారినప్పుడు అది తూకానికి పోతుంది.

నేను కోరే ప్రతి అట్లాంటిది కాకూడదు. బీరువా అద్దం వెనక మెరిసేది అంతకన్నా కాకూడదు. సమీక్ష ఒంటరిగా నిలబడే రచన కాదు. ఏ పుస్తకం మీద రాశారో ఆ పుస్తకం ఇప్పుడు దొరక్కపోతే, సగం వాదన గాలిలో వేలాడుతుంది. కాబట్టి ప్రతి సమీక్షకూ ముందు ఆ పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన ఏడు, వీలైతే ఆ పుస్తకంలో ఏముందో నాలుగు ముక్కల్లో చెప్పాలి. సమీక్షకు వచ్చిన జవాబులు చివర చేర్చాలి. రమణారెడ్డి గారి పక్షాన మాట్లాడినవారి మాట కూడా అదే పుస్తకంలో, అదే సైజు అక్షరాల్లో ఉండాలి. ఇదొక్కటి మాత్రం పట్టుబట్టి అడుగుతాను. ఇంకొకరి వాదం వినిపించని చోట రారా వాదం కూడా బలహీనపడుతుంది. ఎదురుగా మనిషి ఉన్నాడని తెలిసి రాసిన వాక్యాలవి.

రెండోది పాఠం. పత్రికలో అచ్చయిన వ్యాసం పుస్తకంలోకి వచ్చేటప్పుడు రచయిత కొన్ని మాటలు తీసేస్తాడు, కొన్ని కలుపుతాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఈ పని మనకు నేర్పినవాడు మన జిల్లాలోనే ఉన్నాడు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ పండితులను జీతానికి పెట్టుకుని, ఒకే కావ్యానికి ఎన్నో తాళపత్ర ప్రతులు తెప్పించి, పాఠభేదాలు చూసి, శుద్ధప్రతులు రాయించాడు. ఆయన నివసించిన చోటే ఇవాళ ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. వేమనకూ మనుచరిత్రకూ చేసిన సేవ ఇరవయ్యో శతాబ్దపు వచనానికి ఎందుకు చెయ్యకూడదు? ఏబై ఏళ్ల కిందటి పత్రిక కాగితం తాళపత్రం కన్నా త్వరగా పొడి అవుతుంది. తాటాకుకు మూడు వందల ఏళ్లు వచ్చిన ఆయుష్షు న్యూస్‌ప్రింటుకు లేదు.

కాగితం సంగతి వచ్చింది కాబట్టి అయ్యవారి పెట్టె కథ ముగించాలి. ఆయన పోయాక ఆ పత్రికల కట్ట నా దగ్గరికి వచ్చింది. వాటిలో కొన్ని 'సంవేదన' సంచికలు కూడా ఉన్నాయి. జాగ్రత్త చేద్దామని ఒక బైండింగు అంగడికి ఇచ్చాను. అది మన ఊళ్లోది కాదు. వారం తర్వాత వెళ్లేసరికి నీటుగా కుట్టి, కాలికో అట్ట వేసి, వెనక బంగారు రంగు అక్షరాలు కొట్టి ఇచ్చారు. సంతోషంగా ఇంటికి తెచ్చి తెరిచాను. సంచికల పైఅట్టలు లేవు. బైండింగు చేసేటప్పుడు అట్టలు చించెయ్యడం మామూలేనట. ఏ నెల, ఏ సంచిక అన్నది అట్టమీదే ఉండేది. కొన్నిటి లోపలి అట్టమీద పాఠకుల ఉత్తరాలుండేవి. అవీ పోయాయి. అంచులు సమానంగా ఉండాలని మిషను మీద పెట్టి మూడు వైపులా కోశారు. అయ్యవారు మార్జిన్లలో పెన్సిలుతో రాసుకున్న మాటలు సగానికి తెగాయి. ఒకచోట "ఇది అన్యా..." అని ఉంది. అన్యాయం అన్నారో, అన్యాపదేశం అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంకోచోట ఒక వాక్యం కింద రెండు గీతలు, పక్కన ప్రశ్నార్థకం తోక మాత్రం మిగిలింది.

బైండరు తప్పేమీ లేదు. ముందు చెప్పాల్సింది నేను. అట్టలు ఉంచమని, అంచులు కొయ్యవద్దని, మైదా బంకలో మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదని, ఇవన్నీ తర్వాత తెలుసుకున్నాను. పులివెందుల తాలూకా విమర్శకుడు కడపలో రాసిన మాటను, జీతం చాలని ఒక అయ్యవారు పెన్సిలు పట్టుకుని చదివాడు, ఒప్పుకున్నాడు, కొన్నిచోట్ల ఎదురు చెప్పాడు. ఆ ఎదురుమాట అచ్చుకెక్కలేదు. సీమలో సాహిత్యం ఎట్లా చదివారో తెలియాలంటే ఆ పెన్సిలు గీతలూ కావాలి.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు వేమన మీద చేసిన ఉపన్యాసాలు పుస్తకమై వచ్చాయి. దాదాపు నూరేళ్లైనా ఆ పుస్తకం చదువుతూనే ఉన్నాం. మాట గాలిలో పోకుండా అచ్చులో నిలబెట్టడం రాయలసీమకు కొత్త కాదు. రారా సమీక్షల పుస్తకానికి నంబరు వేసిన ప్రతులు ఎన్ని అన్నది డబ్బు చూసుకుని తేల్చుకోవచ్చు. వాటి అమ్మకంతో వచ్చినదాన్ని అదే అచ్చుతో మామూలు అట్ట ప్రతులకు పెట్టాలి. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు గ్రంథాలయాల్లో బల్ల మీద, తాళం లేకుండా ఉండాల్సినవి అవి. ఒకటో నంబరు ప్రతి పైడిపాలెం బడికి చేరాలి.

సభ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను. మీ ఇళ్ల అటకల మీద, పాత పెట్టెల్లో 'సంవేదన', 'సవ్యసాచి' సంచికలేమైనా ఉంటే నాకు చూపించండి. అట్ట చిరిగినా, చెదలు సగం తిన్నా పరవాలేదు. మార్జిన్లలో ఎవరైనా ఏమైనా రాసి ఉంటే దయచేసి తుడవకండి. వాటిని నేను చేత్తో ఎత్తి రాసుకుని, మీ సంచిక మీకు తిరిగి ఇస్తాను.