రేసు మోటారు సైకిలు - వెంట్రుకవాసి లెక్క

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకొనే మాస్టరుకు రేసు మోటారు సైకిలుతో ఏం పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. మన కుటుంబాల్లో బండి నడిపే కుర్రవాళ్ళు ఉన్నారు, షాపులో బండి విప్పి బిగించే కుర్రవాళ్ళూ ఉన్నారు. ఇద్దరికీ పనికివచ్చే మాట ఒకటి ఉన్నది కనుక ఈ విషయం ఎంచుకొన్నాను. మెకానిక్ చేతిలో ఉండేది ఇనుము ఒక్కటే కాదు, ఇంకొకరి ప్రాణం కూడా. దాన్ని కాపాడేది చేతి బలం కాదు, కొలత.

ముందు టూ-స్ట్రోక్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో మనవి చేస్తాను. ఈ ఇంజన్‌కు హెడ్‌లో వాల్వులు ఉండవు. సిలిండరు గోడకు రంధ్రాలుంటాయి, వాటిని పోర్టులంటారు. పిస్టనే పైకి కిందికి కదులుతూ వాటిని మూస్తుంది, తెరుస్తుంది. క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి మంట పుడుతుంది. చిన్న ఇంజన్‌లో అంత బలం రావడానికి ఇదొక కారణం. అంత వేడి పుట్టడానికీ ఇదే కారణం.

1973లో యమహా కంపెనీ రోడ్డు కోసం ఆర్‌డి 350ని, రేసుల కోసం టీజెడ్ 350ని తెచ్చింది. రెంటికీ రెండేసి సిలిండర్లు, బోరు 64 మి.మీ., స్ట్రోకు 54 మి.మీ., మొత్తం 347 సి.సి. రోడ్డు బండిని గాలి చల్లబరుస్తుంది, రేసు బండిని నీరు చల్లబరుస్తుంది. ఆర్‌డి కుటుంబానికి చెందిన బండినే ఎస్కార్ట్స్ వారు 1983లో మన దేశంలో రాజ్‌దూత్ 350 పేరుతో విడుదల చేశారు. మద్రాసు దగ్గరి షోలవరం పాత రన్‌వే మీద జరిగిన పందేల్లో ఇటువంటి బండ్లు పరుగెత్తాయి.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఇంజన్ నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. పిస్టన్ సెకనుకు సుమారు 167 సార్లు పైకి పోయి కిందికి రావాలి. స్ట్రోకు 54 మి.మీ. కనుక దాని సగటు వేగం సెకనుకు 18 మీటర్లు. ఇంత వేగంగా పోయే పిస్టన్‌కూ గోడకూ మధ్య ఉండే సందు ఎంత? ఆర్‌డి 350లో కొత్తగా బిగించినప్పుడు సుమారు 0.04 మి.మీ. తల వెంట్రుక కంటే సన్నం! సందు మరీ తక్కువైతే వేడికి పిస్టన్ ఉబ్బి గోడను పట్టేస్తుంది. దీన్నే షాపుల్లో "సీజ్ అయింది" అంటారు. ఇంజన్ ఆగిందంటే చైను ఆగినట్లే, చైను ఆగితే వెనుక చక్రం బిగుసుకుపోతుంది.

1973 మే 20న ఇటలీలోని మోంజాలో 250 సి.సి. పందెం మొదటి చుట్టులోనే ఘోర ప్రమాదం జరిగింది. రెంజో పసోలినీ, యార్నో సారినెన్ అనే ఇద్దరు పేరుపొందిన రేసర్లు చనిపోయారు. పసోలినీ బండి ఇంజన్ సీజ్ కావడమే కారణమని అదే సంవత్సరం అధికారిక విచారణ తేల్చింది. ట్రాకు మీద పడిన నూనే కారణమని వాదించేవారూ ఉన్నారు. ఏది నిజమైనా, ఇంజన్ పట్టేస్తే ఏమి జరగగలదో లోకానికి తెలిసింది.

కావున మంచి ఉస్తాద్ ఇంజన్ కూర్చేటప్పుడు పానా కంటే ముందు గేజి అందుకొంటాడు. క్రాంకు తిన్నగా తిరుగుతున్నదా అని డయల్ గేజితో చూస్తాడు. బోరును పైన, మధ్యన, కింద, అడ్డంగా, నిలువుగా కొలుస్తాడు. రింగును సిలిండరులో పెట్టి దాని కొనల మధ్య సందు చూస్తాడు. పిస్టన్ గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, రింగు కొనలు సరిగ్గా దానిదగ్గరే కలవాలి. లేకుంటే కొన పోర్టులో చిక్కుకొని విరుగుతుంది. పిస్టన్ మీది బాణం గుర్తు సైలెన్సరు వైపు ఉండాలి. గజన్ పిన్ను క్లిప్పులు ప్రతిసారీ కొత్తవే వేయాలి, పాతవి నాలుగణాల ఆదాకు కూడా పనికిరావు. క్లిప్పు వేసేముందు క్రాంకుకేసు నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కుతారు. జారిన క్లిప్పు లోపల పడిందంటే ఇంజన్ మొత్తం మళ్ళీ విప్పవలసిందే.

ఆయిల్ సీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. టూ-స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి ముందు క్రాంకుకేసులోకే వస్తాయి. క్రాంకు సీలు అరిగితే అక్కడ దొంగగాలి లోపలికి దూరుతుంది. పెట్రోలు పాలు తగ్గి మంట వేడి పెరుగుతుంది, చివరికి పిస్టన్‌కు బొక్క పడుతుంది. "పెట్రోలు తక్కువ తాగితే మంచిదే కదా" అని చిన్న జెట్టు వేయించుకొనే సోదరులు ఇది గమనించాలి. మరొక భ్రమ కూడా ఉన్నది. పెట్రోలులో నూనె కలిపే బండికి నూనె ఎక్కువ పోస్తే ఇంజన్‌కు మేలని అనుకొంటారు. నూనె పెరిగిన మేరకు పెట్రోలు పాలు తగ్గుతుంది, జెట్టు మార్చకపోతే వేడి పెరగవచ్చు. బండి మాన్యువల్లో రాసిన పాళ్ళే పాళ్ళు. ప్లగ్గు తీసి చూస్తే దాని మూతి కాఫీపొడి రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే జాగ్రత్త పడాలి.

చక్రానికి వద్దాం. పుల్లలన్నీ ఒకే బిగువులో ఉండాలి. పానాతో మెల్లగా తట్టితే ఒకే స్వరం పలకాలి, మొద్దుగా పలికిన పుల్ల వదులైనదని అర్థం. రిమ్ము దగ్గర సూది నిలిపి చక్రం తిప్పి, పక్కకు ఊగుతున్నదా, ఎగిరెగిరి పడుతున్నదా చూడాలి. చక్రాన్ని స్వేచ్ఛగా వదిలితే బరువైన చోటు కిందికి వచ్చి ఆగుతుంది, దానికి ఎదురుగా సీసం ముక్క అంటిస్తారు. హబ్బులో రెండు బేరింగుల మధ్య ఒక గొట్టం ఉంటుంది. తొందరలో అది వేయడం మరచి యాక్సిల్ బిగిస్తే బేరింగుల మీద పక్కనుంచి ఒత్తిడి పడి అవి త్వరలో నలిగిపోతాయి. పైకి చూస్తే అంతా బాగున్నట్లే ఉంటుంది! రేసు బండ్లలో ముఖ్యమైన నట్లకు, బోల్టులకు సన్నని తీగ కడతారు, అదురుకు ఊడిపోకుండా.

2012 నుంచి ప్రపంచ గ్రాండ్ ప్రీ పందేల్లో టూ-స్ట్రోక్ లేదు. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగింది. అయినా ఆ బండ్లు మన వీధుల్లో ఇంకా తిరుగుతున్నాయి, వాటి మీద మన పిల్లలే కూర్చొంటున్నారు.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మాట. "వీడికి చదువు రాలేదు, మెకానిక్ షాపులో పడేద్దాం" అని మనలో చాలామంది అంటారు. నేను చెప్పినదాంట్లో ఏ పని చదువు లేకుండా జరుగుతుంది? దశాంశాలు రానివాడు 0.04కూ 0.4కూ తేడా ఎట్లా తెలుసుకొంటాడు? పిల్లవాణ్ణి ముందు బడి పూర్తి చేయనివ్వండి. తరువాత మంచి ఉస్తాద్ దగ్గర చేర్చండి, చేతికొక నోటు పుస్తకం ఇవ్వండి. ఏ బండికి ఏ కొలత వచ్చింది, ఏ రోజు ఏమి మార్చాడు అన్నీ అందులో రాయాలి. షాపుకు వచ్చిన బండి అమానత్. తిరిగి ఇచ్చేటప్పుడు దాని లెక్క చెప్పగలిగినవాడే మెకానిక్.