ఉష్ణమండలపు మంచుకొండల జమాఖర్చులు



మన విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 16.5 డిగ్రీల మీద ఉంది. దక్షిణాన సరిగ్గా అన్ని డిగ్రీల మీద బొలీవియా దేశపు లా పాజ్ నగరం ఉంది. దాని చేరువలోని చకల్తాయా కొండ మీద, 5,000 మీటర్లు దాటిన ఎత్తులో, వేల ఏళ్లనాటి హిమానీనదం ఒకటి ఉండేది. హిమానీనదమంటే పేరుకుపోయి మెల్లగా కిందికి జారే మంచుగడ్డ. 2009 నాటికి అది పూర్తిగా మాయమైంది. ఎందుకు పోయిందో మనకు అలవాటైన జమాఖర్చుల భాషలో మనవి చేస్తాను.

ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాల మీద చలికాలంలో మంచు జమ అవుతుంది, వేసవిలో ఖర్చవుతుంది. ఉష్ణమండలంలో అలా కాదు. ఏడాది పొడుగునా వేడిలో పెద్ద మార్పుండదు గనుక కొండ దిగువ అంచున ఖర్చు పన్నెండు నెలలూ సాగుతుంది. బొలీవియాలో జమ పడేది ముఖ్యంగా వానకాలంలోనే. చిత్రమేమిటంటే, ఎక్కువగా కరిగేది కూడా ఆ కాలం మొదట్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకే.

పొడి నెలల్లో మంచు కర్పూరంలాగా నీరు కాకుండానే ఆవిరవుతుంది. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు చాలు. నేరుగా ఆవిరి కావడానికి సుమారు 680 కావాలి. గాలిలో తేమ పెరిగితే ఆవిరి కావడం తగ్గి, ఆ వేడంతా కరిగించడానికే పోతుంది. ఒక గ్రాము పోవలసిన చోట ఎనిమిది గ్రాములు పోతాయన్నమాట.

ఆ సమయంలో కాపాడేది కొత్తగా కురిసిన తెల్లటి మంచు. పడిన ఎండలో 80 శాతానికి పైగా అది తిప్పికొడుతుంది. పాతబడి మాసిన మంచుకు ఆ శక్తి లేదు. వాతావరణం కాస్త వేడెక్కితే అంచుల్లో మంచుకు బదులు వాన పడుతుంది. అప్పుడు జమ తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. మన రుతుపవనాలను కలవరపెట్టే ఎల్ నినో వచ్చిన ఏడు అక్కడ మంచు ఆలస్యంగా, తక్కువగా కురుస్తుంది. 1997-98లో చకల్తాయా అలాగే బాగా దెబ్బతిన్నది.

అన్నిచోట్లా లెక్క ఒకటే కాదు. ఆఫ్రికాలోని కిలిమంజారో శిఖరం మీద గాలి ఎప్పుడూ గడ్డకట్టే చలిలోనే ఉంటుంది. అక్కడ ప్రధానంగా దెబ్బతిన్నది జమ పద్దు. గాలి పొడిబారి మంచు కురవడం తగ్గింది. 1912లో 11 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న మంచు 2011 నాటికి రెండుకు లోపే మిగిలింది.

దీనితో మనుషులకేమి పని అంటారా? లా పాజ్ ప్రజలు పొడి నెలల్లో తాగే నీటిలో సుమారు నాలుగో వంతు చుట్టుపక్కల మంచుకొండలదేనని లెక్కగట్టారు. 2016లో వానలు ముఖం చాటేసినప్పుడు అక్కడ నీటికి కటకట ఏర్పడి, ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. మంచు కరుగుతున్నంత కాలం వాగులో నీళ్లు పుష్కలంగానే కనిపిస్తాయి. వడ్డీ చాలక అసలు తీసి తింటున్న ఇల్లు కూడా కొన్నాళ్లు అలాగే దర్జాగా నడుస్తుంది. ధరలు పెరిగితే మనకు కరువు భత్యమైనా పెంచుతారు. కొండకు ఆ ఏర్పాటు లేదు.