కాడికి నిలబడే కోడె ఏది?

(చిలమకూరులో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



సంతలో కోడెను చూడగానే మనం ముందు వెతికేది సుడులు. తర్వాత రంగు, మూపురం, కొమ్ములు. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి బేరం తెగిపోయి ఉంటుంది. మేమూ అట్లాగే మోసపోయినాము. పాలరంగు, నిండు మూపురం చూసి ఒక జత తోలుకొచ్చినాము. నడిచేటప్పుడు ఒకదానికి వెనక మోకాళ్లు రెండూ రాసుకుంటాయని ఇంటికొచ్చినాక గాని కంటికి ఆనలేదు. రేగడిలో ఒక కారు దున్నకముందే అది కుంటింది. సుడుల్లో మాత్రం ఏ దోషమూ లేదు!

గుర్రం మనిషిని వీపు మీద మోస్తుంది. అందుకే స్వారీ గుర్రాలను పెంచేవాళ్లు వీపు పొడవు, భుజం వాలు చూస్తారు. మన ఎద్దు లాగే జీవం. కాడి మూపురానికి ముందు, మెడ మీద ఆనుతుంది. మెడ పొట్టిగా, లావుగా ఉండాలి. ముందుకాళ్ల నడుమ రొమ్ము వెడల్పుండాలి. బలం పుట్టేది వెనకకాళ్లలో, అది మెడదాకా రావాలంటే నడుము కుంగి ఉండకూడదు. గిట్టలు నల్లగా, గట్టిగా ఉండాలి, వేళ్ల సందు విచ్చుకోకూడదు. నిలబెట్టి చూస్తే ఇవన్నీ తేలవు, నడిపించి చూడాలి.

మన ఒంగోలు జాతి ఓడలెక్కి బ్రెజిల్ పోయి, నెల్లూరు పేరుతో నెలోరె అయింది. 2023లో అక్కడ ఒక ఆవులో మూడో వంతు వాటా వేలం వేస్తే, ఆ లెక్కన ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటింది. వాళ్లు మాంసానికి పెంచుతారు, ఆ కొలతలు వేరు. మన కొలత కాడి.

బండలాగుడు పోటీలు ఈ జాతిని నిలబెట్టినాయి, కాదనం. పాలపళ్ల కోడె నుంచి సీనియర్ జత దాకా జనం ఎగబడి చూస్తారు. గెలిచిన ఎద్దు ఏ ఆవు కడుపున పుట్టిందని మాత్రం ఎవరూ అడగరు.

ఊరి ఆబోతు పోయింది. సూది వేయించేటప్పుడు ఏ జాతిదని కూడా అడగడం లేదు. జెర్సీ సంకరానికి పుట్టిన కోడెకు మూపురం ఉండదు, కాడి నిలవదు, మన ఎండకు రొప్పుతుంది. ఇప్పుడు పెయ్యదూడలే పుట్టే వీర్యం కూడా వచ్చింది. పాలు వద్దని మేమనడం లేదు. సేద్యానికి జత కావాలనుకునే చిన్న రైతుకు ఒంగోలు వీర్యం ప్రతి పశువైద్య కేంద్రంలో దొరకాలి. ఆ ఆబోతు తల్లి ఎవరో, కాళ్లు ఎట్లాంటివో రాసిన కాగితం చూపించాలి. మన సంఘం అడిగేది ఇదే.

వచ్చే సమావేశానికి ఇంట్లో ఉన్న కోడెదూడలను తోలుకురండి. నాలుగడుగులు నడిపించి చూద్దాం.