నీటి చిట్టా
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



లెక్కలు వ్రాయుట నా వృత్తి. పండితుల నడుమ నేనేమి పలుకగలనని సంకోచించితిని. కాని మన మురుగు కాలువ సంగతియు లెక్కకు సంబంధించినదే గనుక నిలువబడితిని.

కొల్లేటికి పోవు ఈ కాలువలో కొన్ని యేండ్ల క్రిందట ఒక వేకువను బొచ్చెలు, శీలావతులు చచ్చి తేలినవి. మీలో పలువురు చూచితిరి. అర్జీ పట్టుకొని వెళ్లినవాడను నేను. "అంతకు ముందీ నీరెట్లుండెను? ఆధారమేమి?" అని యడిగిరి. ముప్పదియేండ్లుగా పైసలకు చిట్టా వ్రాసిన నాయొద్ద నీటికి ఒక్క పుటయు లేదు. తలవంచుకొని తిరిగివచ్చితిని.

కన్ను ఇందు నమ్మదగిన సాక్షి గాదు. చిల్లగింజ నీటిని తేర్చునని సుశ్రుతసంహితలో నున్నది. తేరిన నీరెల్ల మంచినీరు గాదు. కొర్రమీను బ్రదికియున్నది గదా యని కొందరందురు. అది పైకి వచ్చి గాలి పీల్చు చేప, దాని సాక్ష్యము చెల్లదు. శీలావతికి నీట కరగిన ప్రాణవాయువే దిక్కు. చేపల చెరువులనుండి వదలిన మేత, ఎరువు, ఇండ్ల మురుగు కుళ్లునప్పుడు సూక్ష్మజీవులు ఆ వాయువును హరించును. పగటి వెలుతురున నాచు కొంత పూడ్చును. రాత్రి అదియు పీల్చును. కావున తెల్లవారుజామున నిలువ మిక్కిలి తక్కువ. మధ్యాహ్నము పరీక్షించి బాగున్నదనుట, కోతలనాడు గాదె చూచి ఏడాదికి లోటు లేదనుట వంటిది. చేపలకు లీటరునకు 4 మిల్లీగ్రాములకు తగ్గరాదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్ణయము.

పరీక్ష కష్టము గాదు. గాలిబుడగ లేకుండ సీసా నింపి రెండు మందులు వేయవలెను. అవి చేతులను కాల్చును గాన తొడుగులు తప్పవు. తెల్లని మడ్డి దిగిన ప్రాణవాయువు లేనట్లే. గోధుమ వన్నె తిరిగిన నున్నట్లు. కొలత తేల్చు తరువాతి మెట్లు హైస్కూలు పిల్లలు చేయదగినవే.

కొల్లేరు 1999లో అభయారణ్యమైనది, 2002లో రామ్‌సార్ పట్టికకెక్కినది. పేరు వచ్చినది, నీరు మాత్రము మన కాలువలగుండనే పోవుచున్నది. 2019లో ఆరంభమైన జలజీవన మిషన్ క్రింద త్రాగునీటి పరీక్షకు ఊరికి ఐదుగురు స్త్రీలకు శిక్షణ నేర్పరచిరి. మురుగు కాలువ నెవరు చూతురు?

గ్రంథాలయపు బల్లపై ఎఱ్ఱ అట్ట పుస్తకమొకటి యుంచితిని. తేది, గంట, వాన, కొలత, సంతకము, గడులు గీసితిని. ప్రతి ఆదివారము వేకువ ఐదు గంటలకు, వంతెనయొద్ద ఒకే తావున. కొలత యెట్లు వచ్చినను దిద్దరాదు. మొదటి నాలుగు వారములు నావి. ఐదవ వారపు గడి ఖాళీగా నున్నది.