డొక్కా సీతమ్మ గారి వంటిల్లు, మన వంటిల్లు
(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో అధ్యక్షురాలు చేసిన ప్రసంగ పాఠం)



పొదుపులు, లింకేజీ రుణాలు, రికవరీల లెక్కలు కార్యదర్శి గారు ఇప్పుడే చదివి వినిపించారు. నేను మళ్లీ లెక్కలు చెప్పను. ఒక అమ్మని తలుచుకుందామని నిలబడ్డాను. డొక్కా సీతమ్మ గారు. 2024 నుంచి మన రాష్ట్రంలో బడి భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. ఆ భోజనం వండే అక్కలు ఈ సభలోనే ఉన్నారు. రోజూ ఆ పేరు మీద వండుతున్నాం కాబట్టి ఆవిడ ఎలా బతికారో ఒకసారి చెప్పుకోవాలి.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి భవానీశంకరం గారు. వచ్చినవాళ్లకి అన్నం పెట్టి పంపేవారని ఆయన్ని ఊళ్లో ‘బువ్వన్న’ అని పిలిచేవారట. తల్లి తొందరగా పోవడంతో ఇంటి భారం పిల్ల మీద పడింది. ఆ రోజుల్లో ఆడపిల్లకి బడి ఎక్కడిది? వంటింట్లో నేర్చుకున్నదే ఆవిడ చదువు.

లంకల గన్నవరం రైతు డొక్కా జోగన్న గారితో పెళ్లయింది. గోదావరి పాయల మధ్య ఊరు. చాలాచోట్ల ఏరు దాటాలంటే పడవే దిక్కు. వరదొస్తే ఆ పడవా ఉండదు. దారిన పోయేవాడు అన్నం ఎక్కడ తింటాడు? సీతమ్మ గారింట్లో తినేవాడు. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి పొయ్యి వెలిగించేవారని పెద్దలు చెబుతారు. జోగన్న గారు కూడా అడ్డు చెప్పలేదు. మగమనిషి ‘ఇక చాలు’ అంటే ఆ పొయ్యి అన్నేళ్లు మండేదా? ఆయన్నీ తలుచుకోవాలి.

ఆవిడ భక్తి ఎలాంటిదో చెప్పే కథ ఒకటుంది. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి ఎన్నాళ్లకో బయలుదేరారట. దారిలో ఒక కుటుంబం ఆకలితో నడుస్తూ, సీతమ్మ గారింటికి వెళితే అన్నం దొరుకుతుందని మాట్లాడుకోవడం చెవిన పడింది. అంతే, వెనక్కి తిరిగి ఇంటికెళ్లి వండిపెట్టారు. స్వామి ఎక్కడున్నాడని ఆవిడ అనుకున్నారో మనం వేరే చెప్పక్కర్లేదు.

ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవానికి పిలుపొచ్చినా ఆవిడ వెళ్లలేదు. చివరికి ఆవిడ ఫోటో తీసి పంపించుకున్నారని చెబుతారు. 1909లో కన్నుమూశారు. ఇప్పటికీ పి. గన్నవరం దగ్గర ఆక్విడక్టుకి ఆవిడ పేరే ఉంది.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. ఇక నా మనసులో మాట చెబుతాను, కోపగించుకోకండి.

సీతమ్మ గారు కులం అడగకుండా పెట్టారని పొగుడుతాం. నిజమే. కానీ ఆవిడ బ్రాహ్మణ ఇల్లాలు. ఆవిడ చేతి అన్నం తినడానికి ఆ రోజుల్లో ఎవరికీ అభ్యంతరం లేదు. అడగకుండా ఉండాల్సింది పెట్టే ఆవిడే, ఆవిడ అడగలేదు. ఇవాళ చాలా బళ్లలో వండి పెట్టేది మన ఎస్సీ అక్కలు. వంటవాళ్లని పెట్టుకునేటప్పుడు దళితులకి, ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టే చెప్పింది. మరి ఇప్పుడు అడగకుండా ఉండాల్సిందెవరు? తినేవాళ్లు. ఆ పిల్లల్ని పంపే తల్లులు. అంటే మనం.

మూడేళ్ల కిందట, ఊరి పేరు చెప్పను, ఒక బడిలో వంట ఎస్సీ అక్కల సంఘానికి వచ్చింది. మొదటి వారంలోనే పదకొండు మంది పిల్లలు ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఆ తల్లుల్లో మన సభ్యులూ ఉన్నారు. గ్రామ సంఘం మీటింగులో ఆ అక్కతో ఒకే చాప మీద కూర్చునేవాళ్లే. లోను పత్రాల మీద ఆ అక్క సంతకం పనికొచ్చింది, ఆవిడ అన్నం పనికిరాలేదు.

నా తప్పు కూడా చెప్పాలి. విషయం తెలిసి నాలుగు రోజులు కదల్లేదు. ఊళ్లో గొడవెందుకులే అనుకున్నాను. అయిదో రోజు ఆ అక్కే వచ్చింది. “కూరలో ఉప్పెక్కువైందంటే రేపు తగ్గిస్తాను. పుట్టుకని ఏం చెయ్యను ప్రెసిడెంటమ్మా?” అంది. నాకు నోట మాట రాలేదు. మర్నాడు కార్యదర్శి గారూ నేనూ వెళ్లి వరండాలో పిల్లల పక్కన కూర్చుని అన్నం, పప్పు, గుడ్డు తిన్నాం. తర్వాత తల్లుల ఇళ్లకి వెళ్లి మాట్లాడాం. ఒక్కరోజులో ఏమీ మారలేదు. ఒక్కొక్క క్యారేజీ ఆగుతూ వచ్చింది. ఇద్దరు పిల్లలు మాత్రం ఏడాది చివరిదాకా తెచ్చుకుంటూనే ఉన్నారు.

ఇంకో మాట. సీతమ్మ గారికి పొలం ఉంది, ధాన్యం ఉంది. మన వంట అక్కలకి నెలకి 3000 రూపాయల గౌరవ వేతనం. బిల్లు ఆలస్యమైతే నూనె, కూరగాయలు కొట్లో అప్పు తేవాలి. సీతమ్మ గారి పేరు చెప్పి ‘ఇది సేవ కదా’ అని ఆ అక్కల కష్టాన్ని సరిపెట్టెయ్యకూడదు.

అందుకని సభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాను. ఒకటి, ప్రతి గ్రామ సంఘం పదాధికారులు నెలకి ఒకసారి బడిలో పిల్లల పంక్తిలో కూర్చుని తినాలి, ఆ సంగతి మినిట్స్ పుస్తకంలో రాయాలి. రెండు, బిల్లు ఆలస్యమైన నెలలో వంట సంఘానికి గ్రామ సంఘం నిధి నుంచి వడ్డీ లేని చేబదులు ఇవ్వాలి. మూడు, కులం పేరు చెప్పి ఎవరైనా పిల్లల్ని ఆ అన్నం తిననివ్వకపోతే మనం ఇళ్లకి వెళ్లి మాట్లాడాలి. నాలుగు రోజులు ఆగకూడదు, ఆ మాట నాక్కూడా చెప్పుకుంటున్నాను.

సీతమ్మ గారి ఫోటోకి దండ వేయడం తేలికే. ఆ అక్క వండిన అన్నం మన పిల్లలు తిన్న రోజునే ఆవిడని తలుచుకున్నట్టు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి.

 

(మూడు తీర్మానాలనూ సభ్యులు చేతులెత్తి ఆమోదించారు.)