ఊ కొట్టడం వేరు, వినడం వేరు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవం కాబట్టి పాత రోజుల గురించి మాట్లాడమన్నారు. ముందు ఈ ఉదయం టిఫిన్ల దగ్గర జరిగింది చెబుతాను. మా బ్యాచి వాళ్ళం ఆరుగురం ఒక బల్ల చుట్టూ చేరాం. కొందరిని చూసి ముప్పై ఏళ్ళు దాటింది. "ఏరా, ఎలా ఉన్నావు?" అనుకున్నాం, ఫొటో దిగాం. ఆ ఫొటో వాట్సాప్ గ్రూపులో ఎలా పడిందో చూడటానికి ఆరుగురం తలలు వంచాం. ఇడ్లీ చల్లారిపోయింది. ఎదురుగా కూర్చున్న స్నేహితుడికి గ్రూపులో దండం బొమ్మ పెట్టిన ఘనుడు కూడా ఒకడున్నాడు. ఆ ఘనుణ్ణి నేనే.

పక్కనున్న మనిషిని వదిలేసి ఫోనులో మునిగిపోవడానికి ఇంగ్లీషులో 'ఫబ్బింగ్' అని పేరు. 2012లో ఆస్ట్రేలియాలో మెక్వారీ నిఘంటువు ప్రచారం కోసం ఒక ప్రకటనల సంస్థ ఆ మాటను పుట్టించింది. ఫోనుకు, చిన్నచూపు అనే అర్థమున్న స్నబ్బింగ్‌కు అంటు కట్టారన్నమాట. అంట్లు కట్టడం మన మామిడి రైతులకు తెలియని విద్యేమీ కాదు. కానీ ఈ సంగతి చెప్పడానికి మనకు పాత మాటే ఉంది.

చిన్నప్పుడు ఆరుబయట మంచాలేసుకుని అమ్మమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టేవాళ్ళం. ఊ ఆగిందంటే పిల్లాడు నిద్రపోయాడని ఆవిడ కథ ఆపేసేది. అంటే ఆ ఊ, "నేనిక్కడే ఉన్నాను, చెప్పు" అని మనమిచ్చే మాట. ఇప్పుడు ఊ ఆగడం లేదు. మనిషే అక్కడ ఉండటం లేదు.

మన తెలుగు మాస్టారు ఈ తేడాను ఇట్టే పట్టేసేవారు. పాఠం జరుగుతుండగా ఎవడైనా కిటికీలోంచి పక్క తోటలో కాయలు లెక్కపెడుతూ తలాడిస్తుంటే, "ఒరేయ్, గంగిరెద్దులా తలూపకు. ఇప్పుడు నేనేం చెప్పానో చెప్పు" అనేవారు. ఆ ప్రశ్నకు నేను నిలబడిన రోజులే ఎక్కువ.

ఆ ప్రశ్న నాకు మళ్ళీ ఎదురైంది. 2016లో జియో వచ్చాక డేటా చౌకైపోయి, తోటలో మంచం మీద కూర్చుని కూడా ప్రపంచమంతా చూసే రోజులొచ్చాయి కదా. 2018 వేసవిలో కోతల సమయానికి ఊరొచ్చాను. నాన్నకు అప్పటికి ఎనభై దాటాయి. సాయంత్రం తోటలో కూర్చుని ఒక్కో చెట్టూ చూపిస్తూ చెబుతున్నారు. చిన్నరసం అంట్లు తాతయ్య ఎక్కణ్ణుంచి తెచ్చారో, ఏ చెట్టు ఏడాది విడిచి ఏడాది కాస్తుందో, గట్టు దగ్గర చెట్టును ఎందుకు కొట్టకూడదో. నేను ఫోను చూస్తూ ఊ కొడుతున్నాను. ఆఫీసు మెసేజీలని ఇంట్లో చెప్పాను. నిజానికి క్రికెట్ స్కోరు.

కాసేపటికి నాన్న మాట ఆగింది. తలెత్తాను. "సర్లేరా, నువ్వేదో పనిలో ఉన్నావుగా, చూసుకో" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. లేచి నీళ్ళ తొట్టి వైపు వెళ్ళిపోయారు. మళ్ళీ పూత రాకముందే ఆయన లేరు.

మొన్న పైపులైను వేయడానికి గట్టు దగ్గర చెట్టు అడ్డొస్తోంది, కొట్టేద్దామా అని మా తమ్ముడు అడిగాడు. వద్దన్నాను. ఎందుకన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నాన్న చెప్పారు. నేను ఊ అన్నాను కూడా.

ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రిజిబిల్‌స్కీ, వైన్‌స్టైన్ అనే పరిశోధకులు ముక్కూమొహం తెలియని వాళ్ళను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడించారు. కొందరి దగ్గర బల్ల మీద ఫోను ఉంచారు, కొందరి దగ్గర పుస్తకం. ఎవరూ ఫోను ముట్టుకోలేదు. అయినా మనసుకు దగ్గరైన విషయాలు మాట్లాడుకున్నప్పుడు, ఫోను ఉన్నచోట దగ్గరితనం, నమ్మకం తక్కువగా కనిపించాయట. ఊసుపోక కబుర్లలో అంత తేడా రాలేదు. తర్వాత చేసిన ప్రయోగాలన్నీ దీన్ని బలపరచలేదనుకోండి. నాకు మాత్రం నాన్న ముఖమే చాలు.

ఫోను మీద నాకు కోపం లేదు. నున్న మార్కెట్లో కాయ ధర ఎంతో తోటలోనే తెలుస్తోంది. అమెరికాలో ఉన్న మనవరాలి ముఖం కనిపిస్తోంది. ఇవాళ మనమంతా ఇక్కడ కలిశామంటే ఆ గ్రూపు నడిపేవాళ్ళ పుణ్యమే. నేను పెట్టుకున్న నియమం చిన్నది. ఎవరితోనైనా మాట్లాడుతుండగా ఫోను మోగితే "ఒక్క నిమిషం" అని చెప్పి తీస్తాను. పని కాగానే పక్కన పెట్టి, వాళ్ళు ఎక్కడ ఆపారో నేనే అందిస్తాను. అందించాలంటే అంతకుముందు విని ఉండాలి కదా! అప్పుడప్పుడు తప్పుతుంటాను. అప్పుడు మా ఆరేళ్ళ మనవడు గడ్డం పట్టుకుని ముఖం తిప్పి, "తాతా, నేనేం చెప్పానో చెప్పు" అంటాడు. మాస్టారి ప్రశ్న వాడికి ఎవరు నేర్పారో తెలియదు.

మధ్యాహ్నం భోజనాల్లో చిన్నరసాలు వేస్తున్నారట. బంగినపల్లి అయితే ముక్కలు కోసుకుని ఒక చేత్తో తింటూ రెండో చేత్తో ఫోను చూసుకోవచ్చు. రసం పండు దగ్గర ఆ పప్పులుడకవు. రెండు చేతులతో మెత్తగా పిసికి, ముచిక తీసి నోట పెట్టుకోవాలి. మోచేతి దాకా కారుతుంది. ఆ చేతులతో ఫోను ముట్టుకోలేం. ఆ పావుగంట చాలు. ఎదురుగా ఉన్నవాళ్ళను ఒక్క మాట అడగండి, చెప్పేది చివరిదాకా వినండి. మన గురువుల పక్కన కూర్చున్నవాళ్ళు మరీను.

ఇంతసేపూ ఓపిగ్గా ఊ కొట్టారు. నేనేం చెప్పానో మాత్రం ఎవరినీ అడగనులెండి.